అమెరికాలో సొంతింటి వేడి, గాలి, వెంటిలేషన్ మార్పులకు డబ్బు సాయం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాల నుంచి ప్రతి శీతాకాలం ఒకే రకమైన ఫోన్లు వస్తాయి. గ్యాస్ బిల్లు పెరిగింది, పై గది వేడెక్కడం లేదు, ఊరి నుంచి వచ్చిన అమ్మకు దగ్గు తగ్గడం లేదు, ఫర్నేస్ (ఇంటిని వేడి చేసే యంత్రం) మార్చమంటున్నారు, దానికి ప్రభుత్వం డబ్బు ఇస్తుందట, నిజమేనా? ఈ ప్రశ్నలకు నాకు తెలిసినంత వరకు ఇక్కడ జవాబులు రాశాను. 2025లో చట్టం మారింది కాబట్టి అంతకు ముందు తీసిన వీడియోలను, పంచుకున్న సందేశాలను నమ్మి ఖర్చు చేయకండి. డబ్బు ఎక్కడ దొరుకుతుందో ఎంత ముఖ్యమో, ఏ పని ముందు చేయాలో కూడా అంతే ముఖ్యం. ఈ రెండో సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువగా రాశాను.

ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే 30 శాతం పన్ను క్రెడిట్ ఇంకా ఉందా?

లేదు. ఇంటి ఇంధన వాడకం తగ్గించే పనుల ఖర్చులో 30 శాతాన్ని మీ పన్నులోంచి తగ్గించేది ఈ క్రెడిట్. 2022 నాటి ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ చట్టం ప్రకారం అది 2032 దాకా ఉండాల్సింది. 2025 జులై 4న సంతకమైన కొత్త చట్టం దాన్ని 2025 డిసెంబరు 31తో ముగించింది. ఆ తేదీ లోపు బిగించి, వాడకంలోకి తెచ్చిన వాటికే క్రెడిట్ వర్తిస్తుంది. డిసెంబరులో అడ్వాన్సు కట్టి జనవరిలో బిగించుకున్నవారికి రాదు. భూమిలోని వేడిని ఇంట్లోకి తోడే భూగర్భ హీట్ పంపులకు, ఇంటిపై సోలార్‌కు ఉన్న వేరే క్రెడిట్ కూడా అదే రోజుతో పోయింది. ఇప్పటికీ "ముప్పై శాతం వెనక్కి వస్తుంది" అని కొటేషన్‌లో రాసే కాంట్రాక్టర్ కనిపిస్తే, ఆ కొటేషన్‌లోని మిగతా లెక్కలను కూడా అనుమానించండి.

మేము 2024లో, 2025లో పని చేయించుకున్నాం, కానీ క్రెడిట్ అడగలేదు. ఇప్పుడు అడగవచ్చా?

అడగవచ్చు. 2025లో బిగించిన వాటికి ఆ సంవత్సరపు రిటర్నుతో పాటు ఫారం 5695 జత చేయాలి. రిటర్ను ఇప్పటికే వేసి ఉంటే 1040ఎక్స్ ఫారం ద్వారా సవరించుకోవచ్చు. దానికి సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది. హీట్ పంపుకు (బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి తోడే యంత్రం), హీట్ పంప్ వాటర్ హీటరుకు కలిపి ఏడాదికి 2,000 డాలర్ల వరకు వస్తుంది. ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా ఆపే పొర), కిటికీలు, తలుపులు, గ్యాస్ ఫర్నేస్ వంటి మిగతా అన్నిటికీ కలిపి 1,200 డాలర్లు. అందులో కిటికీలకు 600, ఎనర్జీ ఆడిట్‌కు (ఇంట్లో వేడి ఎక్కడ వృథా అవుతోందో చూసే పరీక్ష) 150 అని లోపలి పరిమితులు ఉన్నాయి.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఇన్సులేషన్‌లో సరుకు ధర మాత్రమే లెక్క, కూలి లెక్కలోకి రాదు. హీట్ పంపుకైతే కూలి కూడా కలుపుకోవచ్చు. కరెంటు కంపెనీ ఇచ్చిన రిబేటును ఖర్చులోంచి తీసేసి, మిగిలిన దానిపైనే 30 శాతం లెక్క కట్టాలి. మీరు ఉండకుండా అద్దెకు మాత్రమే ఇచ్చిన ఇంటికి ఈ క్రెడిట్ లేదు. కొత్తగా కట్టిన ఇంట్లో బిల్డర్ పెట్టిన పరికరాలకూ లేదు. 2025లో బిగించిన పరికరాలకు తయారీదారు కోడ్ కూడా ఫారంలో రాయాలి, దాన్ని కాంట్రాక్టర్‌ను అడిగి తీసుకోండి. మీరు కట్టాల్సిన పన్నుకు మించి ఇది రాదు, మిగిలింది వచ్చే ఏడాదికి జమ కాదు.

మరి ఇప్పుడు డబ్బు ఎక్కడ మిగిలి ఉంది?

అదే 2022 చట్టం రాష్ట్రాల ద్వారా ఇవ్వడానికి రెండు రిబేట్ పథకాలకు కలిపి దాదాపు 8.8 బిలియన్ డాలర్లు కేటాయించింది. అవి పన్ను క్రెడిట్‌తో పాటు రద్దు కాలేదు. అయితే ఒక్కో రాష్ట్రం ఒక్కో సమయంలో మొదలుపెట్టింది. న్యూయార్క్ 2024 మేలో అందరికంటే ముందు తెరిచింది. సౌత్ డకోటా ఆ డబ్బే వద్దంది. కొన్నిచోట్ల తెరిచిన కొద్ది కాలానికే కేటాయింపు నిండిపోయింది. అందుకే మీ రాష్ట్ర ఇంధన శాఖ వెబ్‌సైట్‌లో ఈ వారం పరిస్థితి చూడాలి. పక్క రాష్ట్రంలోని స్నేహితుడి అనుభవం మీకు పనికిరాదు.

రెండోది మీ కరెంటు, గ్యాస్ కంపెనీల రిబేట్లు. ఇవి వినియోగదారుల బిల్లుల్లోంచి వసూలైన డబ్బు, అంటే మీరు ప్రతి నెలా కడుతున్నదే. చాలామంది దీన్ని చూడనే చూడరు, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. మసాచుసెట్స్‌లో కరెంటు, గ్యాస్ కంపెనీలు నడిపే మాస్ సేవ్ పథకం కింద ఇంటి పరీక్ష ఉచితం. అర్హమైన పనులకు 25,000 డాలర్ల వరకు వడ్డీ లేని అప్పు కూడా దొరుకుతుంది. ఇవి కాక తక్కువ ఆదాయం ఉన్నవారికి వెదరైజేషన్ (ఇంటిని వాతావరణాన్ని తట్టుకునేలా చేసే పనులు) సాయం ఉంది, దాని గురించి కింద రాశాను.

రాష్ట్రాల రిబేట్లు ఎంత వరకు ఇస్తాయి?

మొదటి పథకం పరికరాలకు ఇస్తుంది. ఇంటిని వేడి చేసే, చల్లబరిచే హీట్ పంపుకు 8,000 డాలర్ల వరకు, హీట్ పంప్ వాటర్ హీటరుకు 1,750, ఇండక్షన్ లేదా ఇతర ఎలక్ట్రిక్ పొయ్యికి 840, కరెంటు ప్యానెల్ మార్చడానికి 4,000, వైరింగ్‌కు 2,500 వరకు. ఇన్సులేషన్, గాలి సందులు మూయడం, వెంటిలేషన్ మూడింటికీ కలిపి 1,600 వరకు. అన్నీ కలిపి ఇంటికి 14,000 డాలర్లు మించవు. ఇవి చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితులు, రాష్ట్రం ఇంతకంటే తక్కువ జాబితాతో నడపవచ్చు.

రెండో పథకం ఏ పరికరం కొన్నారని అడగదు, ఇంటి మొత్తం ఇంధన వాడకం ఎంత తగ్గిందో చూస్తుంది. లెక్క ప్రకారం 20 శాతం తగ్గితే 2,000 డాలర్ల వరకు, 35 శాతం దాటితే 4,000 వరకు, ఖర్చులో సగానికి మించకుండా. తక్కువ ఆదాయ కుటుంబాలకు ఇవి రెట్టింపు. ఒకే పనికి రెండు పథకాల డబ్బూ తీసుకోకూడదు.

మా ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి. మాకు వస్తుందా?

మొదటి పథకంలో మీ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంతో (సగం కుటుంబాలకు దానికంటే ఎక్కువ, సగానికి తక్కువ ఉండే మొత్తం) పోల్చి చూస్తారు. దానిలో 80 శాతం లోపు ఉంటే పై పరిమితుల లోపల మొత్తం ఖర్చు, 80 నుంచి 150 శాతం మధ్య ఉంటే సగం ఖర్చు ఇస్తారు. 150 శాతం దాటితే ఏమీ రాదు. ఈ మధ్యస్థ ఆదాయం కౌంటీని బట్టి, ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి మారుతుంది. ఖరీదైన కౌంటీల్లో ఇది చాలా ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఒక్కరే సంపాదించే నలుగురి కుటుంబం అర్హత పొందడం అరుదేమీ కాదు. "మాకు రాదులే" అనుకునే ముందు లెక్క చూడండి. రెండో పథకానికి ఫెడరల్ చట్టంలో ఆదాయ పరిమితి లేదు, కొన్ని రాష్ట్రాలు సొంతంగా పెట్టుకున్నాయి. కరెంటు కంపెనీల సాధారణ రిబేట్లకు ఎక్కువగా ఆదాయం అడగరు.

పని చేయించేసి, తరువాత దరఖాస్తు పెట్టుకోవచ్చా?

పరికరాల పథకంలో కుదరదు. ఆమోదం ముందు, కొనుగోలు తరువాత. కరెంటు కంపెనీల రిబేట్లు కొన్ని పని తరువాత కూడా ఇస్తాయి కానీ, కాంట్రాక్టర్ వారి జాబితాలో ఉన్నవాడే అయి ఉండాలని షరతు పెడతాయి.

నా మొదటి ఇంట్లో ఈ తప్పు చేశాను. చలి ముదిరింది, ఇంట్లో చంటిబిడ్డ, వచ్చిన కాంట్రాక్టర్ "రిబేట్ సంగతి మేము చూసుకుంటాం" అన్నాడు. నమ్మి సంతకం పెట్టాను. తీరా చూస్తే అతను జాబితాలోనే లేడు. పరీక్ష జరగకుండా మొదలైన పనికి డబ్బు ఇవ్వడం కుదరదని జవాబు వచ్చింది. ఆ రోజు పోయిన మొత్తంతో అటకకు పూర్తిగా ఇన్సులేషన్ వేయించుకోగలిగేవాణ్ణి. అందుకే అడిగిన ప్రతివారికీ మొదట ఒకటే చెబుతాను. రిబేట్ ఆమోదం కాగితం చేతికి వచ్చాకే కాంట్రాక్టర్ కాగితం మీద సంతకం పెట్టండి.

ఏ పని ముందు చేయించాలి? ఫర్నేసా, కిటికీలా?

రెండూ కాదు. ముందు ఎనర్జీ ఆడిట్. అందులో ముఖ్యమైంది బ్లోయర్ డోర్ పరీక్ష. ముఖద్వారానికి పెద్ద ఫ్యాను బిగించి ఇంట్లోని గాలిని బయటికి లాగుతారు. అప్పుడు సందులన్నిటి నుంచీ బయటి గాలి లోపలికి తోసుకొస్తుంది. చెయ్యి పెడితే తెలుస్తుంది, అటక మూత చుట్టూ, పైకప్పులోకి అమర్చిన రీసెస్డ్ లైట్ల దగ్గర, బేస్‌మెంట్ గోడ పైఅంచున. చలికాలంలో వేడి గాలి తేలికై పై సందుల్లోంచి పోతూ ఉంటే, దాని స్థానంలో చల్లగాలి కింది నుంచి వస్తుంది. పై గది వేడెక్కకపోవడానికి, కింది గదిలో కాళ్లు చల్లబడటానికి కారణం చాలా ఇళ్లలో ఇదే. ఆ లోపాన్ని పెద్ద ఫర్నేస్ సరిచేయలేదు, బిల్లును మాత్రం పెంచగలదు.

కాబట్టి ముందు సందులు మూయాలి, తరువాత అటకకు ఇన్సులేషన్, తరువాత డక్టుల (గాలి గొట్టాల) అతుకులు. ఇవన్నీ అయ్యాక ఇంటికి ఎంత వేడి కావాలో మళ్లీ లెక్క కట్టాలి. ఆ లెక్క పేరు మాన్యువల్ జే. అది కట్టకుండా "పాతది నాలుగు టన్నులు, కాబట్టి ఐదు టన్నులు వేద్దాం" అనే కాంట్రాక్టర్‌ను మర్యాదగా పంపించేయండి. సందులు మూసి బిగించిన ఇంటికి మూడు టన్నులే చాలవచ్చు. చిన్న యంత్రం ధర తక్కువ, మోత తక్కువ, ఎక్కువసేపు నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి గదులన్నీ సమానంగా ఉంటాయి. కిటికీలు మార్చడం అన్నిటికంటే ఖరీదు, దాని వల్ల బిల్లులో కలిసొచ్చేది తక్కువ. ఇంటికి వచ్చి అమ్మేవారు మాత్రం ఎప్పుడూ కిటికీలతోనే మొదలుపెడతారు.

ఒక హెచ్చరిక. పాత గ్యాస్ వాటర్ హీటర్ ఉన్న ఇంటిని బిగించాక, దాని పొగ చిమ్నీలోకి వెళ్లకుండా ఇంట్లోకి తిరగబడే ప్రమాదం ఉంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. అందుకే మంచి ఆడిటర్ పనికి ముందూ తరువాతా పొగ తిరగబడుతోందేమో పరీక్షిస్తాడు. ఈ పరీక్ష లేని ఆడిట్ అసంపూర్ణం.

గడ్డకట్టే చలిలో హీట్ పంపు పని చేస్తుందా?

చేస్తుంది. మన ఊళ్లలో ఏసీ గదిలోని వేడిని బయటికి తోసినట్టే, ఇది బయటి గాలిలోని వేడిని లోపలికి తోడుతుంది. వేడిని పుట్టించకుండా తోడుతుంది కాబట్టి ఒక యూనిట్ కరెంటుకు రెండు, మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు. అమెరికాలో బాగా చలి ఉండే రాష్ట్రాల్లో ఒకటైన మెయిన్ లక్ష హీట్ పంపుల లక్ష్యాన్ని 2025కి పెట్టుకుని 2023లోనే చేరింది. చలి ప్రాంతాల కోసం చేసిన నమూనానే ఎంచుకోవాలి.

బిల్లు తగ్గుతుందా అంటే, అది మీరు ఇప్పుడు దేనితో వేడి చేస్తున్నారన్న దానిపై ఆధారపడుతుంది. ఆయిల్, ప్రొపేన్, గోడ పక్కన ఉండే కరెంటు హీటర్లు వాడే ఇంట్లో తగ్గుదల స్పష్టంగా కనిపిస్తుంది. గ్యాస్ చవకగా, కరెంటు ప్రియంగా ఉన్నచోట వేడి బిల్లు తగ్గకపోవచ్చు. అలాంటి ఇంట్లో ఏసీ మార్చాల్సి వచ్చినప్పుడు దాని బదులు హీట్ పంపు వేసి, గ్యాస్ ఫర్నేస్‌ను మరీ చలి రోజులకు ఉంచుకోవడం మంచి మధ్యేమార్గం. అయితే కొన్ని రిబేట్లు పాత ఫర్నేస్ తీసేస్తేనే ఇస్తాయి, ముందే అడగండి.

పోపు వేస్తే ఇల్లంతా ఘాటు. దీనికీ డబ్బు వస్తుందా?

ఈ ప్రశ్నకు మన ఇళ్లలో ఉండాల్సిన గౌరవం లేదు. కిచెన్ వాసన అంటే సిగ్గుపడే సంగతిగా చూస్తాం, ఆరోగ్యం సంగతిగా చూడం. మరిగే నూనెలో ఎండుమిర్చి, ఆవాలు వేసినప్పుడు లేచేది వాసన ఒక్కటే కాదు, ఊపిరితిత్తుల లోతుకు వెళ్లే సన్నని కణాలు కూడా. గ్యాస్ మంట నుంచి నైట్రోజన్ డయాక్సైడ్ అదనం. ఊళ్లో వంటింటికి కిటికీ, పెరటి తలుపు తెరిచి ఉంటాయి. ఇక్కడ జనవరిలో అన్నీ మూసి ఉంటాయి, అమ్మ రోజంతా అక్కడే నిలబడుతుంది.

మా అమ్మ వచ్చిన మొదటి శీతాకాలంలో దగ్గు తగ్గక రెండుసార్లు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఒకరోజు పొయ్యి మీది ఫ్యాను ముందు కాగితం పట్టుకుని చూస్తే గాలి తిరిగి నా ముఖం మీదికే వస్తోంది. ఆ ఫ్యాను పొగను బయటికి పంపడం లేదు, జల్లెడ లాంటి ఫిల్టర్‌లోంచి తిప్పి మళ్లీ గదిలోకే వదులుతోంది. చాలా ఇళ్లలో మైక్రోవేవ్ కింద ఉండేది ఇదే. మీరూ ఈ రోజే కాగితం పట్టి చూడండి.

దీనికి కావాల్సింది గోడలోంచి గానీ పైకప్పులోంచి గానీ బయటికి గొట్టం ఉన్న హుడ్ (పొయ్యి మీద పొగ లాగే ఫ్యాను). పొయ్యి వెనక బర్నర్ల మీద పోపు వేస్తే హుడ్ పొగను బాగా లాగుతుంది. నిమిషానికి 400 ఘనపుటడుగుల కంటే శక్తివంతమైన హుడ్ పెడితే, అది లాగేసినంత గాలి లోపలికి రావడానికి దారి కూడా పెట్టాలని చాలాచోట్ల నిర్మాణ నిబంధన ఉంది.

డబ్బు సంగతికి వస్తే, హుడ్‌కు మాత్రమే విడిగా రిబేట్ అరుదు. కానీ పైన చెప్పిన 1,600 డాలర్లలో వెంటిలేషన్ ఉంది. సందులు మూసే పనితో కలిపి ఒకే ప్రాజెక్టుగా రాయించుకుంటే అది ఒప్పుకునే అవకాశం ఎక్కువ. గ్యాస్ నుంచి ఇండక్షన్‌కు మారితే 840 డాలర్లు వేరు. ఇండక్షన్ మీద గుండ్రటి అడుగున్న మూకుడు నిలవదు, అయస్కాంతం అంటుకునే చదును గిన్నెలు కావాలి. పెద్దవాళ్లకు ఇది అలవాటయ్యేందుకు కొంత సమయం పడుతుంది.

ఇల్లు బిగించాక స్వచ్ఛమైన గాలి ఎలా వస్తుంది?

లెక్క ప్రకారం తెచ్చుకోవాలి. ఆడిటర్లు వాడే ఆష్రే 62.2 అనే వెంటిలేషన్ ప్రమాణం సూత్రం సులువే. చదరపు అడుగులను 0.03తో గుణించి, పడక గదుల సంఖ్యకు ఒకటి కలిపి 7.5తో గుణించి, రెండూ కూడాలి. 2,400 చదరపు అడుగుల నాలుగు పడక గదుల ఇంటికి 72, 37.5 కలిపి నిమిషానికి దాదాపు 110 ఘనపుటడుగులు. నిశ్శబ్దంగా ఎప్పుడూ నడిచే బాత్రూం ఫ్యానుతో కొంత సాధించవచ్చు. బయటికి పోయే గాలిలోని వేడిని లోపలికి వచ్చే గాలికి అందించే ఈఆర్‌వీ యంత్రం పెడితే వేడి వృథా కాదు. దీనికి కొన్ని కరెంటు కంపెనీలు విడిగా రిబేట్ ఇస్తాయి.

రేడాన్ అంటే ఏమిటి? బేస్‌మెంట్‌లో పిల్లలు ఆడుకుంటారు.

నేలలోని యురేనియం క్షీణించేటప్పుడు పుట్టే వాయువు. రంగు, వాసన ఉండవు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తరువాత రెండో పెద్ద కారణం, అమెరికాలో ఏటా సుమారు 21,000 మరణాలకు కారణమని పర్యావరణ సంస్థ ఈపీఏ అంచనా. లీటరు గాలికి 4 పికోక్యూరీలు (రేడియోధార్మికత కొలత) లేదా అంతకు మించి ఉంటే సరిచేయించుకోవాలని వారి సలహా. మన ఇళ్లలో బేస్‌మెంట్ అంటే పూజ గది, సినిమా గది, ఇంటి నుంచి పని చేసే ఆఫీసు, వచ్చిన అత్తమామల పడక గది. పరీక్ష చేయకుండా అక్కడ ఎవరినీ పడుకోబెట్టకండి.

కిట్ ఖరీదు తక్కువ, కొన్ని రాష్ట్రాలు ఉచితంగా కూడా ఇస్తాయి. నేల కింది నుంచి గొట్టం వేసి ఫ్యానుతో పైకప్పు మీదికి పంపడమే పరిష్కారం. దీనికి పెద్ద రిబేట్లు లేవు. ఇల్లు కొనేటప్పుడైతే బేరంలో అమ్మేవారి చేతే చేయించండి, అది అన్నిటికంటే మంచి సాయం.

ఎయిర్ ప్యూరిఫయర్‌కు ఏమైనా వస్తుందా?

ఆస్తమా వంటి జబ్బుకు అవసరమని డాక్టర్ రాసిస్తే వైద్య ఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే హెచ్ఎస్ఏ, ఎఫ్ఎస్ఏ ఖాతాల డబ్బు సాధారణంగా వాడుకోవచ్చు. అంతకంటే ముందు ఫర్నేస్ ఫిల్టర్‌ను సన్నని కణాలను కూడా పట్టే మెర్వ్ 13 రకానికి మార్చండి, మీ ఫర్నేస్‌లోని ఫ్యాను (బ్లోయర్) దాన్ని తట్టుకుంటుందో లేదో కనుక్కుని.

అద్దె ఇంట్లో ఉన్నాం, ఆదాయం తక్కువ. మాకు దారి ఉందా?

1976 నుంచి నడుస్తున్న వెదరైజేషన్ అసిస్టెన్స్ పథకం ఉంది. పేదరికపు రేఖకు రెట్టింపు లోపు ఆదాయం ఉన్నవారు అర్హులు. 2025 లెక్కల్లో నలుగురి కుటుంబానికి అది 64,300 డాలర్లు. ఆడిట్, ఇన్సులేషన్, అవసరమైతే ఫర్నేస్ మరమ్మతు, ఫ్యాను అన్నీ ఉచితం. అద్దెకున్నవారూ పెట్టుకోవచ్చు, యజమాని సమ్మతి కావాలి. వృద్ధులు, చిన్నపిల్లలున్న ఇళ్లకు ప్రాధాన్యం. వరస మాత్రం పొడుగు.

వీసా మీద ఉన్నాం. ఇవి తీసుకుంటే గ్రీన్‌కార్డుకు ఇబ్బందా?

పన్ను క్రెడిట్, కరెంటు కంపెనీ రిబేట్ ఆదాయ సహాయం కావు, పన్ను చెల్లించే ఇంటి యజమానిగా తీసుకునేవి. ఆదాయం చూసి ఇచ్చే పథకాల విషయంలో నిబంధనలు మారుతున్నాయి. దరఖాస్తుకు ముందు మీ ఇమ్మిగ్రేషన్ లాయరును ఒక్క మాట అడగండి, స్నేహితులను కాదు.

అప్పు తీసుకోవాల్సి వస్తే?

ముందు కరెంటు కంపెనీ ద్వారా వచ్చే వడ్డీ లేని, లేదా బిల్లులోనే కట్టుకునే అప్పు ఉందేమో చూడండి. పాత ఇల్లు కొంటున్నవారు ఎఫ్‌హెచ్ఏ 203(కె) అనే, మరమ్మతు ఖర్చును కూడా కలిపే గృహ రుణంలో ఈ పనులు కలుపుకోవచ్చు. కాలిఫోర్నియా, ఫ్లోరిడా, మిస్సోరీల్లో పేస్ అనే పద్ధతి ఉంది. అది ఆస్తి పన్నుతో కలిపి కట్టే అప్పు, ఇంటి మీద మొదటి హక్కు దానిదే అవుతుంది. ఇల్లు అమ్మేటప్పుడు, రీఫైనాన్స్ చేసేటప్పుడు అది అడ్డుపడుతుంది. నేనైతే వద్దంటాను. ఇంటికి వచ్చి అమ్మినవారితో సంతకం పెట్టేసి మనసు మారితే, ఫెడరల్ నిబంధన ప్రకారం మూడో పనిదినం అర్ధరాత్రి లోపు రద్దు చేసుకునే హక్కు సాధారణంగా ఉంటుంది.

పిల్లల స్కూల్లో గాలి సంగతి ఎవరిని అడగాలి?

స్కూలు బోర్డును. 2020 జూన్‌లో ఫెడరల్ ఆడిట్ సంస్థ జీఏఓ నివేదిక ప్రకారం 41 శాతం స్కూలు జిల్లాలు కనీసం సగం స్కూళ్లలో వేడి, గాలి వ్యవస్థలను మార్చాల్సి ఉంది. కోవిడ్ సాయం కింద వచ్చిన భారీ నిధులను కొన్ని జిల్లాలు దీనికి వాడుకున్నాయి, ఆ నిధుల కేటాయింపు గడువు 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. ఇప్పుడు బాండ్ ఓటింగులే, అంటే స్కూళ్ల పనులకు అప్పు తేవడానికి ఓటర్ల అనుమతి అడిగేవే ప్రధాన దారి. బోర్డు సమావేశంలో రెండు ప్రశ్నలు అడగండి: ఫిల్టర్లు మెర్వ్ 13 ఉన్నాయా, తరగతి గదిలో గంటకు ఐదుసార్లు గాలి మారుతోందా? ఈ ఐదు అన్నది 2023లో ఫెడరల్ ఆరోగ్య సంస్థ సీడీసీ సూచించిన లక్ష్యం. పౌరులైన తల్లిదండ్రులు బాండ్ ఓటుకు తప్పక వెళ్లాలి.

పాత ఫర్నేస్ నడుస్తూనే ఉంది. పాడయ్యే దాకా ఆగవచ్చా?

యంత్రాన్ని ఉంచుకోండి, కానీ ముందస్తు సన్నాహాలు ఆపకండి. ఫర్నేస్ సాధారణంగా పాడయ్యేది దాని మీద భారం ఎక్కువగా ఉండే రాత్రుల్లోనే. ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు దుప్పట్లలో ఉండగా కాంట్రాక్టర్ గోడౌన్‌లో ఏది ఉంటే అది పెట్టించుకోవాల్సి వస్తుంది. రిబేట్ ఆమోదానికి వారాలు పడుతుంది, ఆ రాత్రి మీ దగ్గర గంటలే ఉంటాయి. పదిహేనేళ్లు దాటిన ఫర్నేస్ అయితే ఈ వసంతంలోనే ఆడిట్ చేయించండి. సందులు ఇప్పుడే మూయించండి. మాన్యువల్ జే లెక్క, జాబితాలోని ఇద్దరు కాంట్రాక్టర్ల కొటేషన్లు, రిబేట్ దరఖాస్తు నంబరు ఒక కవరులో పెట్టి ఫర్నేస్ పక్కనే వేలాడదీయండి.